నర్సింగ్ క్లాసులో ఆట పెట్టండి, ఆపాల్సిన చోట ఆపండి

నర్సింగ్ చదువులో ఆటలేంటి, ప్రాణాలతో పని కదా అంటారు చాలామంది. ప్రాణాలతో పని కాబట్టే ఆట కావాలంటాను నేను. తప్పు క్లాసులోనే బయటపడితే వార్డులో ఎవరికీ ఏమీ కాదు.

పెద్దగా ఖర్చు లేని ఆట ఒకటి చూడండి. ఆసుపత్రి చెత్త వేరుచేయడం. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం నాలుగు రంగులు: పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. పరీక్షలో అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. ఇప్పుడు టేబుల్ మీద నాలుగు డబ్బాలు పెట్టి, వస్తువుల పేర్లు రాసిన చీటీలు తీయించండి. రక్తంతో తడిసిన దూది పసుపులో, గ్లౌజులు, ఐవీ ట్యూబులు ఎరుపులో, గాజు యాంప్యూల్ నీలంలో చకచకా పడిపోతాయి. అప్పుడు ఇన్సులిన్ సిరంజి చీటీ రావాలి, సూది విడిగా ఊడిరానిది. ప్లాస్టిక్కే కదా అని ఎరుపులో వేసేస్తారు. అది వెళ్లాల్సింది సూది గుచ్చుకుని బయటికి రాని తెల్ల డబ్బాలోకి. ఎర్ర సంచిలో పడితే, ఆ సంచి ఎత్తే శానిటేషన్ వర్కర్ చేతికి గుచ్చుకుంటుంది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఆ దారినే రావచ్చు.

మేడమ్ ఆట ఆపాల్సింది ఇక్కడే. "ఎరుపు అని ఎందుకు అనుకున్నావమ్మా?" అని నెమ్మదిగా అడగాలి. ఆ పిల్ల నోటితోనే కారణం రావాలి. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. ఆటకు పది నిమిషాలు పడితే దీనికి ఇరవై ఇవ్వండి. బెల్లు కొట్టేశారని దీన్నే ఎగరగొట్టి, చాక్లెట్లు పంచి పంపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఫోన్లో ఆడించే క్విజ్‌లు. కహూట్ లాంటి వాటిలో ముందు నొక్కినవాళ్లకి ఎక్కువ పాయింట్లు. ఎముకల పేర్లకైతే సరే. డ్రిప్ లెక్కలకి మాత్రం తొందర పెట్టకండి. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టం, అంటే సెట్, ఎంఎల్‌కి 20 చుక్కలు పడేదైతే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. 60 చుక్కల మైక్రో సెట్ అయితే 125. మైక్రో సెట్ అనుకుని మామూలు సెట్‌లో 125 వదిలారో, 4 గంటల సెలైన్ గంటా ఇరవై నిమిషాల్లో ఎక్కేస్తుంది. గుండె జబ్బు ఉన్న పెద్దాయనకి అది ఊపిరాడనంత ప్రమాదం.

అందుకే డ్రిప్ లెక్కలు చేయించే రోజు రెండు రకాల సెట్ ప్యాకెట్లూ టేబుల్ మీద పెట్టండి. లెక్క మొదలుపెట్టే ముందు ప్యాకెట్ తిప్పి చుక్కల సంఖ్య చదివినవాళ్లకే మొదటి పాయింటు ఇవ్వండి.