రెక్క పడే తీరు: మోడల్ రైల్వేలో పనిచేసే సెమాఫోర్ సిగ్నల్

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి, నేను చూపించబోయేది సెమాఫోర్, అంటే స్తంభం మీద రెక్క కదిలి రైలుకి ఆగు, పో అని చెప్పే సిగ్నల్, దాని రెక్క పొడవు 14 మిల్లీమీటర్లే, అక్కడ్నుంచి కనపడదు. అసలుది నాలుగడుగులనుకుంటే హెచ్‌ఓ స్కేల్లో, అంటే 87వ వంతులో, అంతే వస్తుంది.

సిగ్నల్ స్తంభం నిలబెట్టడం ఎవరైనా చేస్తారు, నా గొడవంతా రెక్క కదిలే తీరు గురించే. చాలా లేఅవుట్లలో, అంటే బల్ల మీద కట్టిన మోడల్ రైల్వేల్లో, ఇంజన్ మీద రివెట్లు కూడా లెక్క తప్పకుండా ఉంటాయి, సిగ్నల్ మాత్రం టపీమని పడి టపీమని లేస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అసలుది అలా కదలదు కదా. సిగ్నల్ క్యాబిన్లో లివర్ లాగితే వందల మీటర్ల తీగ ముందు బిగుసుకోవాలి, ఆ తర్వాతే రెక్క కాస్త వంగి, ఒక్క క్షణం తటపటాయించి, పూర్తిగా దిగుతుంది. తిరిగి వేసేటప్పుడు బరువు పడి గబుక్కున లేచి రెండు మూడు సార్లు వణికి నిలబడుతుంది.

నేను చెప్పేది మన స్టేషన్లలో ఏళ్ల తరబడి చూసిన లోయర్ క్వాడ్రంట్, అంటే రెక్క కిందికి వాలే రకం గురించి. అడ్డంగా ఉంటే ఆగు, 45 నుంచి 60 డిగ్రీలు కిందికి వాలితే పో. రెక్కకి అవతల పక్క రంగు అద్దాల చట్రం ఉంటుంది చూశారా, దాన్ని కింద నుంచి కడ్డీ పైకి తోస్తే రెక్క దిగుతుంది. తీగ తెగినా ఆ చట్రం బరువుకి, కింద ఉన్న బరువుకి రెక్క అడ్డంగా వచ్చేయాలి. ఇదేదో చాదస్తం కాదండి, 1876లో ఇంగ్లండ్‌లో అబాట్స్ రిప్టన్ దగ్గర మంచు పేరుకుని రెక్కలు దిగిన చోటే ఉండిపోయాయి, దారి ఖాళీ అనుకుని వచ్చిన రైలు ముందున్నదాన్ని గుద్దేసింది. అందుకే మోడల్లో కూడా కడ్డీ అడుగున చిన్న సోల్డర్ ముద్ద అంటించండి, లింకు ఊడితే సిగ్నల్ ఎర్రలోకే పోతుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. రెక్క తిరిగే పివట్ నుంచి కడ్డీ తగిలించే రంధ్రం 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, రెక్క 50 డిగ్రీలు తిరగడానికి కడ్డీ కదిలేది ఒకటిన్నర మిల్లీమీటరే. దాన్ని కదిపేది సర్వో, అంటే చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు; అందరూ వాడే ఎస్‌జీ90 సర్వో హార్న్‌లో, అంటే దాని మీదుండే ప్లాస్టిక్ చేతిలో, చివరి రంధ్రానికి, అంటే 12 మిల్లీమీటర్ల దగ్గర తగిలిస్తే, సర్వో తిరిగేది ఏడు డిగ్రీలు. సర్వోని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డుయినోలో మామూలుగా డిగ్రీ చొప్పున నడుపుతాం కాబట్టి మొత్తం ప్రయాణం ఏడు మెట్లు, ఇక నత్తనడక ఎక్కడ, వణుకు ఎక్కడ? కోడ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, లేఅవుట్ పలక కింద ఒక చిన్న లివర్ పెట్టి కదలికని నాలుగో వంతుకి తగ్గించండి, అప్పుడు సర్వో 30 డిగ్రీలు పైనే తిరుగుతుంది, హార్న్‌లో లోపలి రంధ్రం వాడితే ఇంకా ఎక్కువ. కడ్డీకి గిటార్ తీగ బావుంటుంది, మధ్యలో దాన్ని చిన్న ఉచ్చులా వంచితే సర్వో కాస్త ఎక్కువ తోసినా ఆ వంపు సర్దుకుంటుంది, రెక్క విరగదు.

కోడ్‌లో పెద్ద రహస్యమేం లేదు, ముప్పావు దూరం నెమ్మదిగా, చిన్న విరామం, మిగతాది ఇంకా నెమ్మదిగా. తిరిగొచ్చేటప్పుడు వేగంగా, చివర్లో ముందుకీ వెనక్కీ రెండుసార్లు, రెండోది మొదటిదాంట్లో సగం. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, కోడ్‌లో సర్వోని అటాచ్ చేసే ముందే అది ఏ కోణంలో ఉండాలో రాయండి, లేకపోతే ఆర్డుయినో సర్వో లైబ్రరీ, అంటే సర్వోని నడిపే రెడీమేడ్ కోడ్, సర్వోని నేరుగా 90 డిగ్రీలకి తోసేస్తుంది, అక్కడితో రెక్క హరీ. కరెంటు కూడా ఆర్డుయినో బోర్డు నుంచి లాగొద్దు, సర్వోలకి విడిగా 5 వోల్టుల సప్లై, గ్రౌండ్ మాత్రం రెండిటికీ కలిపి. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి.

దీపానికి పచ్చ ఎల్‌ఈడీ, ఎర్ర ఎల్‌ఈడీ పెట్టేవాళ్లున్నారు, అవసరం లేదు. అసలు సిగ్నల్లో ఉండేది కిరసనాయిలు దీపం, పసుపు మంట, అందుకే పచ్చ కోసం నీలంగా ఉండే అద్దం వేసేవారు. వార్మ్ వైట్ ఎల్‌ఈడీ ఒకటి, నీలం ఆకుపచ్చ కలిపిన గ్లాస్ పెయింట్ చుక్క ఒకటి, చాలు. పసుపు ఎల్‌ఈడీ మాత్రం వాడకండి, దాంట్లో పచ్చ వెలుగే దాదాపు ఉండదు, అద్దం వెనక నల్లగా కనిపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి అంటే, రూల్ ప్రకారం పోతే చోటు చాలదు. లైన్ క్లియర్, అంటే రైలు పంపొచ్చని వెనక స్టేషన్‌కి అనుమతి, ఇవ్వాలంటే ఇలాంటి సెమాఫోర్ల స్టేషన్లో మొదటి స్టాప్ సిగ్నల్ దాటాక 400 మీటర్లు ఖాళీ ఉండాలి, అది మన స్కేల్లో పదిహేనడుగులు, ఇంట్లో ఒప్పుకోరు. స్టేషన్లోకి రానిచ్చే హోమ్, బయటికి పంపే స్టార్టర్ పెట్టి, హోమ్ కన్నా ముందే దూరంగా వచ్చే అవుటర్ని వదిలేయండి, గోడ అవతల ఉందనుకుందాం. కానీ ఇంటర్‌లాకింగ్, అంటే రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే పాయింట్‌కీ సిగ్నల్‌కీ మధ్య ముడి, మాత్రం వదలొద్దు. ఇంగ్లండ్ ఇంజనీరు జాన్ శాక్స్‌బీ దానికి 1856లోనే పేటెంట్ తీసుకున్నాడు, మనకి ఒక మైక్రో స్విచ్, రెండు లైన్ల కోడ్, అంతే ఖర్చు. పాయింట్ సరిగ్గా పడితేనే హోమ్ దిగాలి.

ఇప్పుడు పవర్ ఇస్తున్నా. పాయింట్ కావాలనే లూప్ లైన్‌కి, అంటే మెయిన్ లైన్ పక్క దారికి, వేసి ఉంచాను, ఎవరైనా ఒకరు వచ్చి మెయిన్ లైన్ హోమ్ లివర్ లాగండి, దిగదు. తర్వాత పాయింట్ మార్చి మళ్లీ లాగండి.