పేజీ తిరగేసి చూసిన అమ్మాయి

అందరికీ నమస్కారం. టెక్స్‌టైల్ డిజైన్‌లో చేరిన మొదటి నెలలోనే మీ స్కెచ్‌బుక్కులు ఒకరివొకరు చూసి మాట్లాడుకోవాలట. కొందరు పుస్తకాన్ని అప్పుడే చున్నీ కింద దాచేశారు, చూశాను. నేనూ ఒకప్పుడు దాచినదాన్నే.

ఒక శీతాకాలం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి, పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోల్ని నలభై పేజీలు గీసుకొచ్చాను. చీర కొంగుకు వేద్దామని ఆశ. పుస్తకం క్లాసంతా తిరిగింది. సూపర్ అన్నారు, అదిరింది అన్నారు. రాత్రి హాయిగా నిద్ర పట్టింది. పొద్దున లేచి తర్వాతి పేజీలో ఏం గీయాలో మాత్రం తోచలేదు.

మా క్లాసులో పాటూరు అమ్మాయి ఒకతె ఉండేది. కోవూరు పక్కన పాటూరు, మగ్గాల ఊరు, మీకు తెలిసిందే. నా బొమ్మ ఒక్క క్షణం చూసి పేజీ తిరగేసింది. "వెనకేముందే, ఉత్త కాగితం" అన్నాను. "అలవాటు. మా ఇంట్లో ఏ చీర చేతికొచ్చినా ముందు తిరగేసి చూస్తాం" అంది. వెంకటగిరి చీరలో మగ్గం మీదే చేత్తో నేసే బొమ్మకు, అదే జాందానీ బుటాకు, పేరొచ్చింది అందుకే కదా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

నాకు పెన్సిలు గట్టిగా నొక్కే అలవాటు. చెరిపేసిన గీత కూడా కాగితం వెనక ఉబ్బుగా తేలింది. దాని మీద వేలు పెట్టి, "ఈ మెడ వంపే బాగుండాది. ఎందుకు చెరిపేసినావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫోటోలోలా లేదని చెరిపాను, అంతే.

తర్వాత కాళ్ల మీదికి వచ్చింది. "ఇంత సన్నంగా నిలువు గీతలా? ఒక్కో కాలికి ఒక్కో కండె పెట్టాల. ఆ గీతకు ఎన్ని పోగులు ఇస్తావు?" జాందానీలో బుటా పేకను, అంటే అడ్డపోగును, చేత్తో ఎక్కడికక్కడ తిప్పుతారు, విడివిడిగా ఉన్న ప్రతి ముక్కకూ వేరే కండె, అంటే దారం చుట్టిన చిన్న పుల్ల, కావాలి. నా కొంగులో పదకొండు పక్షులు. లెక్కేసుకోండి.

ఇంకో కుర్రాడు గ్రాఫ్ కాగితం మీద నేను వేసిన సూర్యుణ్ణి చూసి నవ్వాడు. కోపమొచ్చింది. కానీ వాడిదే కరెక్టు. అంగుళానికి 80 పడుగు పోగులు (నిలువువి), 60 పేకలు పడే గుడ్డ మీద గడికో పోగు చొప్పున 60 గళ్ల గుండ్రం నేస్తే వెడల్పు ముప్పావు అంగుళం, ఎత్తు అంగుళం. సూర్యుడు కోడిగుడ్డవుతాడు.

అన్నీ వినమని కాదు. ఇంకా రంగులు దట్టించమని ఒకరంటే దట్టించి మంచి పేజీ ఒకటి పాడుచేసుకున్నాను. అది వాళ్ల ఇష్టం, నా బొమ్మలో లోపం కాదు. "నాకు నచ్చలేదు" అన్న మాటకూ, "ఇది ఎట్ట నేస్తావు?" అన్న మాటకూ చాలా దూరం. రెండోది అడిగినప్పుడు నేను వాదించడం మానేసి, అంచులో తేదీ వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. కాళ్లు చివరికి నీళ్లలో మునిగిపోయాయి, మెడ వంపు మిగిలింది.

సరే, మీ పుస్తకాలు కుడిపక్క వాళ్లకివ్వండి. అంచుల్లో పెన్సిలుతో రాయండి, పెన్ను వద్దు. రబ్బర్లు మాత్రం ఈ డబ్బాలో వేసి వెళ్లి కూర్చోండి.