ముందు మడ్‌గార్డు ఊడిరావాలి: తిరుపతిలో మా మేనల్లుడి సైకిల్

నమస్తే అండీ. హాంబర్గ్ నుంచి తిరుపతి వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజు. కొర్లగుంటలో మా ఇంటి వరండాలో కూర్చున్నాను. రాత్రంతా వాన. శేషాచలం కొండలు మబ్బుల్లో మునిగిపోయి కనిపించడమే లేదు. కపిల తీర్థం జలపాతం జోరుగా దూకుతోందట, సాయంత్రం వెళ్ళి చూపిస్తాను. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. ఈ రోజుల్లో మడ్‌గార్డు లేని సైకిల్ మీద బయటికెళ్తే ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా బురదే.

ఫోన్ కిందికి దించుతున్నాను, చూడండి. ఇది మా అన్న కొడుకు సైకిల్. వాడు ఏడో తరగతి. రోజూ బైరాగిపట్టెడ దాకా ట్యూషన్‌కి దీని మీదే వెళ్తాడు. ముందు చక్రం మీద పల్చటి ప్లాస్టిక్ మడ్‌గార్డు ఉంది కదా, దాన్ని పట్టి ఉంచే సన్న కమ్మీలు కిందికి వచ్చి ఇరుసు దగ్గర ఫోర్కుకి, అంటే చక్రాన్ని రెండువైపులా పట్టుకునే చీలిక గొట్టానికి, బిగుస్తాయి. నిన్నటిదాకా ఉన్న పాత మడ్‌గార్డుకి ఎడమవైపు బోల్టు ఎప్పుడో పడిపోయింది. అక్కడ ఎవరో ఇనుప తీగ చుట్టి, ప్లేయర్‌తో మెలిపెట్టేశారు. మడ్‌గార్డు ఒక పక్కకి వాలి టైరుకి రాసుకునేది. ఇది నిన్న తీసిన వీడియో, వినండి... కర్ర్ కర్ర్ మని. వచ్చిన రోజే ఈ శబ్దం విన్నాను. నాకు ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే పోయిన అక్టోబరులో హాంబర్గ్‌లో నేను పడ్డాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తున్నాను. రోడ్డంతా రాలిన ఆకులు, వాటి కింద నా వేలంత లావు పుల్ల. టక్‌మని ఒక్క శబ్దం. ఆ తర్వాత నేల మీద ఉన్నాను. బ్రేకు వేయలేదు, పెద్ద స్పీడు కూడా లేదు. హెల్మెట్ ఉండబట్టి తలకి ఏమీ కాలేదు గానీ, మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. లేచి చూస్తే మడ్‌గార్డు విసనకర్రలా ముడుచుకుని, టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. చేత్తో ఎంత తోసినా చక్రం తిరగలేదు.

ఎలా జరుగుతుందంటే, సైకిల్ ముందుకి పోయేటప్పుడు ముందు చక్రం వెనక సగం కిందినుంచి పైకి లేస్తూ ఉంటుంది. మడ్‌గార్డు కింది చివర ఉండేది సరిగ్గా అక్కడే. పుల్ల ఆ సందులో దూరిందంటే టైరు దాన్ని పైకి లాక్కెళ్తుంది, దాంతోపాటు మడ్‌గార్డునీ లాగుతుంది. కమ్మీలు దాన్ని పక్కకి పోనివ్వవు. దాంతో అది మడతలు పడి ఫోర్కు కింద ఇరుక్కుంటుంది. చక్రం ఆగిపోతుంది, మనిషేమో హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. వెనక చక్రం పట్టేస్తే మామూలుగా జారుతూ పోతుంది, కాలు ఆనించుకోవడానికి టైం దొరుకుతుంది. నా టెన్షన్ అంతా ముందు చక్రం గురించే.

సైకిల్ బాగుచేయించడానికి వెళ్ళినప్పుడు అక్కడి మెకానిక్ ఇదిగో, ఈ చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్క చూపించాడు. జర్మనీ కంపెనీ ఎస్‌కేఎస్ దీన్ని సెక్యూ క్లిప్ అంటుంది. బోల్టుతో దీన్ని ఫోర్కుకి బిగిస్తారు, కమ్మి చివరని ఇందులోకి నొక్కుతారు. మామూలు కుదుపులకి కదలదు. ఏదైనా ఇరుక్కుని గట్టిగా లాగితే మాత్రం కమ్మి బయటికి వచ్చేస్తుంది. మడ్‌గార్డు వదులైపోతుంది, చక్రం ఇరుక్కోకుండా తిరుగుతుంది.

నిన్న లీలామహల్ వైపు ఒక సైకిల్ షాపుకి తీసుకెళ్ళాం.

"ఊడిపోయేదాన్ని బిగించుకోవడం ఏంది పాపా? ఇంకో నాలుగు చుట్లు తీగ వేస్తా, పదేళ్ళు కదలదు" అన్నాడు షాపు పెద్దాయన.

ఆయన మాట కొట్టిపారేయలేం. ఆయన చేతుల మీదుగా పోయినవన్నీ మా నాన్న తొక్కిన రకం నల్ల సైకిళ్ళు. 28 × 1½ టైర్లు, మందపాటి రేకు మడ్‌గార్డు, టైరుకీ దానికీ మధ్య బోలెడు సందు. ఆ రేకు అంత తేలిగ్గా ముడుచుకోదు. ఈ పల్చటి ప్లాస్టిక్‌కి, ఈ ఇరుకు సందుకి అదే పద్ధతి వాడితే పిల్లోడి ప్రాణం మీదికొస్తుంది.

"పిల్లోడు పడేకంటే మడ్‌గార్డు ఊడడమే మేలు గదా మామా" అని నా పడిన సైకిల్ ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫొటో కాసేపు చూశాడు. ఏమీ అనకుండా ప్లేయర్ తీసుకుని ఆ తీగ కత్తిరించేశాడు.

క్లిప్పులు ఒక్కటే తెస్తే ఇక్కడి కమ్మీల మందానికి కుదరకపోవచ్చని, మడ్‌గార్డు సెట్టు మొత్తం సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. పెద్దాయన తనంతట తానే ఒక మంచి పని చేశాడు. లోపల నైలాన్ రింగు ఉండే నట్టు వేశాడు, స్పీడ్ బ్రేకర్ల కుదుపుకి వదులు కాకుండా. తర్వాత టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నా చిటికెన వేలు పెట్టి చూశాను. సుమారు ఒక సెంటీమీటరు, హాయిగా దూరింది. మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్ళయితే ఇంకాస్త ఎక్కువే ఉంచుకోండి. తడి బంకమట్టి పేరుకున్నా చక్రం పట్టేస్తుంది.

ఇలాంటి క్లిప్పు దొరకనివాళ్ళు కమ్మీలు లేని పొట్టి మడ్‌గార్డు వేయించుకోండి, లేదా ఎండాకాలంలో ముందుది తీసేయండి. వదులుగా ఊగుతున్నదాన్ని మాత్రం అలాగే పెట్టుకుని తొక్కొద్దు. అన్నట్టు, మావాడు ట్యూషన్ బ్యాగు హ్యాండిల్‌కి తగిలించుకుంటాడు. అది ఊగి చక్రం చువ్వల్లో పడినా ఇదే గతి. వదిన చేత వెనక క్యారియర్‌కి సాగే తాడు కట్టించాను.

ఇప్పుడు చూడండి, వాడు మడ్‌గార్డు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టక్! కమ్మి బయటికొచ్చింది. మళ్ళీ నొక్కి పెట్టాడు.

"అత్తా, ఇంకోసారి లాగనా?"

"చాల్లే నాన్నా, ట్యూషన్‌కి టైమైంది. రెండువైపులా సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని బయల్దేరు."