నెలవంకలో ఉన్న వంకే ఇదీ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పాలి గానీ, నాకిచ్చింది పది నిమిషాలు, మన్నించండి. ఇవాళ ఆగస్టు 29, బడి చదువుల్లోకి వాడుక భాష రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. తెలుగు గొప్పదనం మీద మాట్లాడమన్నారు. నేను ఒక్క మాట పట్టుకుని మాట్లాడతాను. వంక.

వంక అంటే వంపు. వంకర, చేతికి పెట్టుకునే వంకీ, ఆకాశంలో నెలవంక, అన్నీ ఆ ఇంటి మాటలే. తిన్నగా లేనిది కాబట్టి లోపాన్నీ వంక అన్నారు. తిన్నగా ఉన్నదాంట్లో కూడా వంపు చూపిస్తే అది వంక పెట్టడం. పుస్తకాల్లో దీన్నే రంధ్రాన్వేషణ అంటారు, అంటే చిల్లులు వెతకడం. నాకు మాత్రం 'కోడిగుడ్డు మీద ఈకలు పీకడం' అన్నదే ఇష్టం. గుడ్డు మీద ఈకలుండవు కదా! పీకేవాడు ముందు వాటిని ఊహించుకోవాలి.

ఇంకా చాలా సామెతలు రాసుకొచ్చాను. వాటిని పక్కన పెడుతున్నా. ఎందుకంటే ముందు వరుసలో పిల్లలు కనిపిస్తున్నారు, నాకు నా ఎనిమిదో తరగతి గుర్తొస్తోంది.

మా నాయనమ్మ పోయిన నెలకు క్లాసులో వ్యాసం రాయమన్నారు. నేను ఆమె గురించి రాశాను. మా సారు మొదటి వాక్యంలోనే మూడు చోట్ల ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. అందరూ నవ్వారు. రెండో వాక్యం ఆయన చదవలేదు. చదవలేదండీ! నాకు ఇప్పటికీ బాధ అదే.

గిడుగు వారూ పండితుల రాతల్లో తప్పులు ఏరారు కదా అని మీరు అడగొచ్చు. ఏరారు. మీరు పెట్టిన వ్యాకరణం మీకే పట్టుబడనప్పుడు బడిపిల్లల మీద ఎందుకు రుద్దుతారని అడగడానికి ఏరారు. అది పిల్లల పక్షాన నిలబడి చూపిన తప్పు. మా సారు పెట్టింది వంక.

ఇక్కడ టీచర్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. అమ్మా, మీరు దిద్దండి, దిద్దాలి కూడా. కానీ పెన్ను మూత తియ్యకముందు ఒక్కసారి పేజీ మొత్తం చదవండి. మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నా.

టైమైపోయిందని చీటీ వచ్చింది. మా సారు చదవని ఆ రెండో వాక్యం ఈ మైకులో చదివి కూర్చుంటాను, ఒక్క అక్షరం మార్చకుండా. "మా నాయనమ్మ సచ్చిపోయినంక ఇంట్ల ఎవ్వరూ నన్ను బిడ్డా అని పిలుస్తలేరు."