చిట్టి పుట్టినరోజు ఎప్పుడు? (గండికోట ఎపిసోడ్)

సుధ: ఎర్ర లైటు వెలిగింది. నమస్కారం అందరికీ, నేను సుధ. ఎదురుగా మా వదిన పద్మగారు, అలవాటు ప్రకారం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ...

పద్మ: ఒలవడం అయిపోయింది, తింటున్నాను. చప్పుడొస్తే కట్ చేసేయమను మా తమ్ముణ్ణి.

శ్రీను: నేనేదీ కట్ చెయ్యను. కిందటిసారి కట్ చేస్తే ఏమైందో తెలుసుగా.

సుధ: సరే, సరే. ఈవేళ టాపిక్ రెండేళ్ల పిల్లతో క్యాంపింగ్. చాలామంది అడిగారు, ఏం సర్దుకోవాలి, పాలు ఎలా, రాత్రి చలేస్తే ఎలా అని. పాత ఎపిసోడ్‌లో చెప్పిన కుక్కర్ గురించి అడిగినవాళ్లకి మాత్రం జవాబు చెప్పను, ఆ కథ ముగిసింది.

పద్మ: ముగియలేదు. కర్నూలు మామయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

శ్రీను: సర్దుకునేవాటిలో మొదటిది బరకం, అదే టార్పాలిన్.

సుధ: మొదలైంది.

శ్రీను: నేను ఒక్కమాటే చెప్తాను. మంచి మందం ఉన్న నీలం బరకం, నాలుగు మూలలా రింగులు ఉన్నది, పన్నెండు పద్దెనిమిది సైజు. అదుంటే ఇంకేమీ అక్కర్లేదు.

సుధ: ఇదిగో, మీకు మళ్లీ ఛాన్స్ ఇస్తాం. ఇప్పుడు కాదు. చిట్టి రెండో పుట్టినరోజుకి 2025 ఆగస్టు 9న, శనివారం, గండికోట వెళ్లాం కదా...

పద్మ: ఆగు. పుట్టినరోజుకి వెళ్లామా? మరి ఒకటో తారీఖున కేకు కోసింది దేనికి?

సుధ: ఒకటో తారీఖు పుట్టినరోజు వదినా. తొమ్మిదిన ట్రిప్పు. రెండో శనివారం కలిసొచ్చిందని.

పద్మ: తొమ్మిది శ్రావణ పౌర్ణమి. అదీ పుట్టినరోజు. నువ్వు కేకు కోయించింది అష్టమి పూట. తల్లీ, ఏ పనికైనా అష్టమి అంటే ఆలోచిస్తాం కదా.

సుధ: వినేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి చెప్తాను. మా పిల్ల పుట్టింది 2023 ఆగస్టు 1 సాయంత్రం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది, గుర్తుండే ఉంటుంది, జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు, బంగారం షాపులవాళ్లు దిగాలుగా కూర్చున్నారు. ఆ అధిక శ్రావణంలో పౌర్ణమి నాడు పుట్టింది. అదే ఆగస్టు నెలాఖర్లో ఇంకో పౌర్ణమి పడింది, అది నిజ శ్రావణ పౌర్ణమి, రాఖీ. ఇప్పుడు వదిన ఏమంటారంటే, పిల్ల పుట్టినరోజు ఏటా రాఖీ నాడే చెయ్యాలట. ఎలాగూ తమ్ముడికి రాఖీ కట్టడానికి వస్తారు, అదే ప్రయాణంలో ఇదీ అయిపోతుంది.

పద్మ: ప్రయాణం ఖర్చు కోసం అంటున్నానా నేను?

సుధ: అనలేదు వదినా.

పద్మ: అన్నావు. వాళ్లందరూ విన్నారు.

శ్రీను: నేను కట్ చెయ్యను.

సుధ: అసలు నా పాయింటు వినండి. తిథి అంటే తిథే అనుకుందాం. పుట్టింది అధిక శ్రావణంలో. మరి అధిక శ్రావణం ఏటా రాదే! 2023కి ముందు 2004లో వచ్చింది. మళ్లీ వచ్చేది 2042లో. పంతొమ్మిదేళ్లకోసారి! మీ లెక్క గట్టిగా పట్టుకుంటే మా పిల్ల మొదటి పుట్టినరోజు డిగ్రీ చదివేటప్పుడు చెయ్యాలి.

పద్మ: అధికంలో పుట్టినవాళ్లకి నిజ మాసంలో చేస్తారమ్మా. బారసాల నాడే పంతులుగారు చెప్పారు. నువ్వూ అక్కడే ఉన్నావు.

సుధ: నేను కూర్చునే నిద్రపోయాను ఆ రోజు. ఎవరూ గమనించలేదు.

పద్మ: అందరం గమనించాం.

సుధ: సరే, నిజ మాసమే అనుకోండి. నిరుడు ఆగస్టు 19. ఈ ఏడు 9. వచ్చే ఏడు 28. ఎక్కడైనా నిలబడుతుందా ఆ పుట్టినరోజు? ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవడానికి కూడా వీల్లేదు.

పద్మ: ఎందుకు కదులుతుందో తెలిస్తే నువ్వు అలా అనవు. చంద్రుడి లెక్కలో ఏడాదికి 354 రోజులే, సూర్యుడి లెక్కకి పదకొండు రోజులు తక్కువ. అందుకే 19 కాస్తా ఈ ఏడు 9 అయింది. అలా వదిలేస్తే శ్రావణం జారుకుంటూ పోయి ఎండాకాలంలో పడుతుంది. ఆ తరుగు పేరుకుని, మూడేళ్లు నిండకముందే ఒక నెల అవుతుంది. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెలని అధికం అని పక్కన పెట్టేస్తారు, లెక్క మళ్లీ దారిన పడుతుంది. వచ్చే ఏడు జ్యేష్ఠం అధికం. అందుకే రాఖీ 28కి వెళ్లింది. మీ ఇంగ్లీషువాళ్లు నాలుగేళ్లకోసారి ఫిబ్రవరికి ఒక రోజు అతికించుకుంటే ఎవరూ నవ్వరు, మేం నెల అతికిస్తే నవ్వుతారు.

సుధ: నేను నవ్వలేదు. కానీ స్కూల్ అప్లికేషన్‌లో తిథి రాయనిస్తారా? ఆధార్‌లో? పాస్‌పోర్టులో?

పద్మ: స్కూల్లో రాసే తారీఖు గురించి నాకు చెప్పకు.

సుధ: ఎందుకూ?

పద్మ: నా సర్టిఫికెట్‌లో జూన్ 1 ఉంది. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వయసు సరిపోవాలని రాసేశారు, నాన్న సరే అన్నాడు. మా క్లాసులో సగం మందివి జూన్ ఒకట్లే. ఇప్పటికీ జూన్ 1న ఆఫీసులో కేకు తెస్తారు, కోస్తాను, బ్యాంకువాళ్లు మెసేజీ పెడతారు, చదువుతాను. పోనీ అసలు తారీఖు ఏదంటే ఎవరికీ తెలీదు. అమ్మనడిగితే నాగుల చవితికి ముందు రోజు, పుట్టకి పాలు పొయ్యడానికి సామాను సర్దుకుంటుంటే నొప్పులొచ్చాయి అంటుంది. నాకున్నది అంతే. నాగుల చవితి ముందు రోజు. ఆ రోజు ఒక్క మనిషి గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తుంది.

సుధ: అత్తయ్య.

పద్మ: అమ్మే.

శ్రీను: నాకు ఆస్పత్రి కాగితం ఉంది.

పద్మ: ఒరేయ్, నువ్వు మగపిల్లాడివి, ఆస్పత్రిలో పుట్టావు. నోరుమూసుకో.

సుధ: ...

పద్మ: ఒకటో తారీఖున అమ్మ ఫోన్ చెయ్యలేదని నువ్వు ముఖం మాడ్చుకున్నావుగా.

సుధ: మాడ్చుకోలేదు.

పద్మ: స్టేటస్‌లో పెట్టావు. "కొంతమందికి గుర్తుండదు" అని.

సుధ: అది వేరే వాళ్ల గురించి.

పద్మ: ఆవిడ లెక్కలో అప్పటికి పుట్టినరోజు రాలేదు. పట్టు లంగా కుట్టించి బీరువాలో పెట్టుకుని పౌర్ణమి కోసం చూస్తోంది. తొమ్మిదిన పొద్దున్నే అయిదింటికి చేసింది ఫోన్. మనం కారులో పాటలు పెట్టుకుని ఎత్తలేదు.

సుధ: అది నాకు చెప్పొచ్చు కదా వదినా.

పద్మ: ఇప్పుడు చెప్పాను.

శ్రీను: జడ్చర్ల దాటాక నేను తిరిగి చేశాను. మాట్లాడాను. పిల్లని దిష్టి తీసి నిద్రపుచ్చమంది.

సుధ: ఎవరూ నాకేమీ చెప్పరు ఈ ఇంట్లో.

పద్మ: గండికోట గురించి చెప్పు. టైమైపోతోంది.

సుధ: చెప్తాను. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, కాబట్టి ముందు రోజు బయల్దేరడానికి కుదర్లేదు. వాయనాల్లో వచ్చిన నానబెట్టిన శనగలు ఎన్నని తింటాం, వదిన వాటికి పోపు పెట్టి డబ్బాలో పోసి కారులో పెట్టారు. దారి పొడుగునా శనగలే. కర్నూలు, ఓర్వకల్లు, బనగానపల్లె, కొలిమిగుండ్ల. బెలుం గుహల్లోకి వెళ్లాం, అది పిల్లలతో వద్దు, నా మాట వినండి. మూడు వేల రెండొందల మీటర్ల పొడవట, మనల్ని వెళ్లనిచ్చేది అందులో సగమే, ఆ సగానికే ఉక్కపోసి చిట్టి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు గుహంతా తిరిగి మళ్లీ మనదగ్గరికే వస్తుంది. వెనక్కి వచ్చేశాం.

పద్మ: రాఖీ మాత్రం ఓర్వకల్లు దగ్గర కారు ఆపి కట్టాను. ముహూర్తం దాటిపోతుందని.

శ్రీను: పెట్రోల్ బంకులో కట్టింది. గాలి కొట్టే అబ్బాయి కూడా తనకి కట్టమన్నాడు, కట్టింది.

సుధ: గండికోట చేరేసరికి సాయంత్రం. జుమ్మా మసీదు, ఆ పక్కనే ధాన్యాగారం, అన్నీ దాటి చివరికి వెళ్తే ఒక్కసారిగా నేల అయిపోతుంది. కింద పెన్నా. వదినవాళ్లాయన, అన్నయ్యగారు, నోరు తెరిచి నిలబడిపోయారు, ఫోటో కూడా తియ్యలేదు. నాకు మాత్రం పెన్నా కనిపిస్తేగా! ఆ అంచుకి పట్టుకోవడానికి కమ్మీ లాంటిది ఏమీ లేదు, ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టుంటాయి, ఒకదాని మీద నుంచి ఒకదాని మీదకి ఎక్కడం చిట్టికి మహా సరదా. నేను చున్నీ తీసి దాని నడుముకి కట్టి రెండో కొస నా మణికట్టుకి ముడేసుకున్నాను. జనం చూశారు. చూడనీ. మీరు నన్ను ఏం సర్దుకోవాలని అడిగితే, మందపాటి కాటన్ చున్నీ. జారేది కాదు, ముడి నిలిచేది. ఇది ఎవరూ లిస్టులో రాయరు.

పద్మ: 1652లో టావెర్నియర్ వచ్చింది ఈ కోటకే. మీర్ జుమ్లాని కలవడానికి. వజ్రాల వ్యాపారి, ఫ్రాన్సు నుంచి.

సుధ: అది చెప్పారు ఆ రోజు కూడా. పిల్ల అంచు మీద ఉంటే.

పద్మ: నేను దాని రెండో వైపు పట్టుకునే చెప్పాను.

శ్రీను: టెంట్ల సంగతికి వద్దాం. అక్కడ మేకులు దిగవు. అంతా బండ. టెంట్లు ఇచ్చే కుర్రాళ్లు తాళ్లని రాళ్లకి కట్టారు. గాలి ఎలా ఉందంటే టెంటు ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతోంది, తగ్గుతోంది. అప్పుడు నేను బరకం...

సుధ: ఎగిరిపోయింది.

శ్రీను: ఎగరలేదు. ఒక మూల ఊడింది. తుంపర మొదలయ్యాక అందరూ దేని కింద కూర్చున్నారో అడుగు.

పద్మ: దాని కిందే కూర్చున్నాం. నిజం చెప్పాలి.

శ్రీను: రికార్డయింది.

సుధ: చుక్కలు చూపిస్తామని పిల్లకి నెల రోజులుగా చెప్పాం. పౌర్ణమి నాడు చుక్కలు ఎక్కడ కనిపిస్తాయి? ఆ వెలుగుకి ఒకటీ అరా, దాని మీద మబ్బు. తారీఖు ప్రకారం ఒకటిన వెళ్లుంటే అర్ధరాత్రి లోపే చంద్రుడు అస్తమించేవాడు.

పద్మ: చందమామని చూసి అది "బంతీ, బంతీ" అని ఎగిరింది. నువ్వే వీడియో తీశావు.

సుధ: తీశాను. కేకు గురించి చెప్పనా? క్రీము కేకు వద్దనుకుని మామూలు స్పాంజి కేకు తీసుకెళ్లాం. కొవ్వొత్తి వెలిగిస్తే ఆరుతుంది, మళ్లీ వెలిగిస్తే ఆరుతుంది, అన్నయ్యగారు చేతులు అడ్డం పెట్టారు, మీ తమ్ముడు బరకం అడ్డం పెట్టాడు, ఊహూ.

పద్మ: ఊదక్కర్లేకుండానే పని జరిగిపోయింది. పుట్టినరోజు నాడు దీపం ఆర్పకూడదని నేను నోటితో ఒక్క మాట అనలేదు ఆ రోజు.

సుధ: అనలేదు. నవ్వారు. అది ఇంకా ఎక్కువ. చిట్టి కేకు ముట్టుకోలేదు కూడా. మర్నాడు పొద్దున జమ్మలమడుగులో బండి దగ్గర ఉగ్గాని తెచ్చారు, నానిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీ మేం తీసేశాం. అది నా ఒళ్లో కూర్చుని బొరుగుల్ని ఒక్కొక్కటే తీసి, పసుపు అంటిన వేలితో తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. నేను తొందరపెడితే నా నోట్లో ఒకటి పెట్టి ఊరుకోమంది. అలా ప్లేటంతా తింది. కారు వేడెక్కిపోతోంది, అన్నయ్యగారు హారన్ కొడుతున్నారు, ఎవరు లేస్తారు.

పద్మ: ఆయన హారన్ కొట్టింది నా కోసం. నేను రెండో ప్లేటు చెప్పాను.

సుధ: లిస్టు! లిస్టు చెప్పి ముగిద్దాం. పాలపొడి, ఫ్లాస్కులో వేడినీళ్లు, దోమల క్రీము, ఒక జత బట్టలు ఎక్కువ, టార్చి...

శ్రీను: బరకం.

సుధ: ...చున్నీ. వచ్చే ఏడు ఇంకొంచెం ముందే ప్లాన్ చేద్దాం. 2026 ఆగస్టు 1 శనివారం పడింది, చూశాను. టెంట్లు ఇప్పుడే మాట్లాడేస్తాను.

పద్మ: వచ్చే ఏడు ఆగస్టు 1 ఆషాఢం.

సుధ: అయితే?

పద్మ: జ్యేష్ఠం అధికం అని చెప్పానుగా, అన్నీ ఆలస్యంగా వస్తాయి. శ్రావణంలో పుట్టిన పిల్లకి ఆషాఢంలో పుట్టినరోజు చేస్తావా?

సుధ: ఆగస్టులో పుట్టింది వదినా.

పద్మ: శ్రావణంలో పుట్టింది.

సుధ: ఏమండీ, మీరు చెప్పండి.

శ్రీను: చిట్టి లేచింది. నేను ఆపేస్తున్నా.