అమ్మానాన్నల ఫోన్లో ముందే పెట్టి ఉంచాల్సినవి

[తెరపై: బెంగళూరులో ఒక ఫ్లాట్. బల్ల మీద ఫోను, కళ్లజోడు, పింఛను కాగితాలు.]

వాయిస్: పిల్లల దగ్గర ఉందామని అనంతపురం నుంచో కర్నూలు నుంచో బెంగళూరు వచ్చిన పెద్దవాళ్లు "లైఫ్ సర్టిఫికెట్" (పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) అని గూగుల్‌లో కొడితే, పైన వచ్చేవి ఒక్కోసారి ప్రకటనలే. 'స్పాన్సర్డ్' అన్న చిన్న అక్షరాలు డెబ్బై ఏళ్ల కళ్లకు ఆనవు. అందుకే అసలు వెతికే పనే లేకుండా చేయండి. సరైన చిరునామా మీరే టైపు చేసి, క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, 'యాడ్ టు హోమ్ స్క్రీన్' ఎంచుకోండి. ఐకాన్‌కు "పింఛను" అని తెలుగులోనే పేరు పెట్టండి.

[తెరపై: చిరునామా పట్టీ పెద్దదిగా.]

వాయిస్: సైటు పేరు 'డాట్ గవ్ డాట్ ఇన్'తో ముగిస్తే అది ప్రభుత్వానిదే. 'గవ్ డాట్ ఇన్' మధ్యలో వచ్చి, దాని వెనక ఇంకో 'డాట్ కామ్' తగిలించి ఉంటే నకిలీ.

[తెరపై: జీవన్ ప్రమాణ్ యాప్.]

వాయిస్: ఇప్పుడు లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎఫ్ పింఛనుకు ఏడాదిలో ఎప్పుడిచ్చినా అక్కడి నుంచి 12 నెలలు చెల్లుతుంది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర పింఛన్ల గడువులు వేరు, ట్రెజరీలో అడగండి.

దీన్ని ఫోన్లోనే ఇవ్వడానికి ప్లే స్టోర్ నుంచి రెండు యాప్‌లు కావాలి: ఆధార్ ఫేస్ ఆర్‌డి, జీవన్ ప్రమాణ్. మొదటిదానికి ఐకాన్ కనిపించదు. ఎక్కలేదనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి, అది వెనక పనిచేస్తుంది. ముందు ఫోను పట్టుకున్న మీరు ఆపరేటర్‌గా మీ ఆధార్, ముఖం నమోదు చేయాలి. ఇది ఒక్కసారే. తర్వాత అమ్మదో నాన్నదో ఆధార్, పీపీఓ (పింఛను మంజూరు పత్రం) నంబరు, బ్యాంకు ఖాతా ఎక్కించి, ముఖం చూపించి, కళ్లు ఆర్పమనండి.

ముఖం పట్టకపోతే ముందు వెలుతురు చూడండి. బాల్కనీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. కళ్లజోడు తీయించండి, కెమెరా అద్దం తుడవండి. అయినా కాకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి వేలిముద్రతో చేసే సేవ ఉంది, పోస్టాఫీసులో అడగండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకో పొరపాటు: పింఛను ఇచ్చే సంస్థ పేరు తప్పుగా ఎంచుకోవడం. సర్టిఫికెట్ తయారవుతుంది, ప్రమాణ్ ఐడీ (ఆ సర్టిఫికెట్ నంబరు) ఎస్సెమ్మెస్ వస్తుంది, కానీ కాగితం మీ బ్యాంకుకు చేరదు. పింఛను ఆగాక గానీ సంగతి తెలియదు. పీపీఓలో ఉన్న పేరునే ఎంచుకోండి, వారం తర్వాత బ్యాంకులో ఒక్కసారి కనుక్కోండి.

[తెరపై: కన్నడ కరెంటు బిల్లు మీద కెమెరా.]

వాయిస్: ఇంటికొచ్చే కాగితం కన్నడలో ఉంటే గూగుల్ లెన్స్‌లో 'ట్రాన్స్‌లేట్' నొక్కి, తెలుగు ఎంచుకోండి. అచ్చు అక్షరాలకు బాగానే పనిచేస్తుంది, చేతిరాతను నమ్మొద్దు.

[తెరపై: మూడు నంబర్లు.]

వాయిస్: ఇవి కాంటాక్టుల్లో పెట్టండి. 14567 వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. 1090 బెంగళూరు పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ కలిసి పెద్దవాళ్ల కోసం పెట్టింది. 1930 డబ్బు మోసాలకు. ఓటీపీ చెప్పేశారనో, వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఎక్కించారనో తెలిసిన నిమిషమే 1930కి చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించే అవకాశం ఉంటుంది. అప్పుడు మాత్రం వాళ్లను కసరకండి. తిడతారన్న భయంతో సాయంత్రం దాకా దాచిపెడితే, ఆ అవకాశమూ పోతుంది.