ఆటు వేళ నాచు వదిలే అయోడిన్

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీది కాగితం ముక్కల్ని చూడండి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబడేదాకా కాచి, దించాక 1 గ్రాము పొటాషియం అయొడైడ్ కలిపాం. దాన్ని వడపోత కాగితానికి పూసి చీకట్లో ఆరబెట్టాం. తడిపి నీడలో ఎనిమిది గంటలు వేలాడదీస్తే గాలిలోని ఓజోన్ (మూడు ఆక్సిజన్ పరమాణువుల వాయువు) అయొడైడ్‌ను, అంటే లవణ రూపంలోని అయోడిన్‌ను, అయోడిన్‌గా మారుస్తుంది. అది కార్న్‌ఫ్లోర్‌లోని పిండిపదార్థంతో కలిసి కాగితం ఊదా రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలితే ఓజోన్ లేకపోయినా రంగొస్తుంది. రోడ్డు పక్కన కడితే బండ్ల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ కూడా రంగు తెప్పిస్తుంది. కాబట్టి ఇది కొలతకు పనికిరాదు, చర్యను కళ్లారా చూడటానికి మాత్రమే.

చల్లని సముద్రాల్లో రాళ్లను పట్టుకుని పెరిగే లామినేరియా నాచు మీదా జరిగేది ఇదే చర్య. లీటరు సముద్రపు నీటిలో అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములే. ఈ నాచు అంతకు 30,000 రెట్ల సాంద్రతలో దాన్ని అయొడైడ్‌గా కూడబెట్టుకుంటుంది. ఆటుకు నీరు తీసి నాచు గాలిన పడగానే ఓజోన్ దాడి చేస్తుంది. అయొడైడ్ దానికి అడ్డుపడి, తాను అయోడిన్ ఆవిరై పోతుంది. పగలైతే ఆ అణువు కొద్ది సెకన్లలోనే ఎండకు విరుగుతుంది. ఆ పరమాణువులు ఓజోన్‌తో కలిసి అయోడిన్ ఆక్సైడ్లు, వాటినుంచి అయోడిక్ ఆమ్లం పుడతాయి. వీటికి ఆవిరిగా నిలిచే గుణం తక్కువ. ఒకదాన్నొకటి అంటుకుని 1, 2 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) కణాలవుతాయి.

ఐర్లండ్ పశ్చిమ తీరంలోని మేస్ హెడ్‌లో పగటి ఆటు వేళ ఘన సెంటీమీటరు గాలికి లక్షకు పైగా కణాలు ఒక్కసారిగా పుట్టడం చూశారు. ఆ కణాల్లోని అయోడిన్‌కు మూలం నాచు వదిలే డైఅయోడోమీథేన్ అనే కర్బన సమ్మేళనమని 2002లో అనుకున్నారు. అంతకంటే రెండు పరమాణువుల అణువుగా ఉండే అయోడిన్ ఆవిరే ఎక్కువని తర్వాత తేలింది. అదే గాఢతలో గంధకామ్లం, అమ్మోనియాల జంటకన్నా అయోడిక్ ఆమ్లమే వేగంగా కణాలు కడుతుందని జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో గాలి కణాల పుట్టుకను పరీక్షించే క్లౌడ్ ప్రయోగం 2021లో చూపింది. అయితే కణం పుట్టినంత మాత్రాన మబ్బు రాదు. నీటిబిందువుకు విత్తనం కావాలంటే సుమారు 50 నానోమీటర్లకు పెరగాలి. ఈలోగా చాలా కణాలు పెద్దవాటికి అతుక్కుని మాయమవుతాయి.

ఇక మన సంగతి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పులికాట్, తూపిలిపాలెం తీరం మనకు వచ్చింది. ఇక్కడ ఇసుక, వెచ్చని నీరు; లామినేరియా లేదు. మేస్ హెడ్ లెక్కల్ని ఇక్కడికి తెచ్చి అతికించడం తప్పు. మన దగ్గర వెతకాల్సింది సముద్రపు ఉపరితలాన్ని. అక్కడా ఓజోన్ నీటిలోని అయొడైడ్‌ను తాకి హైపోఅయోడస్ ఆమ్లాన్ని, కొంత అయోడిన్‌ను వదిలిస్తుంది. చోటుకు కొద్దికొద్దిగానే అయినా, సముద్రమంతటా.

కొలిచేవాళ్లకు కొన్ని మాటలు. 10 నానోమీటర్ల నుంచి మాత్రమే కణాల్ని లెక్కించే యంత్రానికి ఈ పుట్టుక కనబడదు, 3 లేదా ఇంకా తక్కువ కావాలి. అయోడిన్ ఆవిరికి టెఫ్లాన్ గొట్టం, కణాలకు స్టీలు గొట్టం వాడండి, రెండూ వీలైనంత పొట్టిగా. పొడవు పెరిగేకొద్దీ సన్న కణాలు గోడలకు అంటుకుపోతాయి. బ్యూటనాల్ అనే ఆల్కహాల్ నింపిన లెక్కింపు యంత్రాన్ని వంచి మోయకండి, ద్రవం కటకాల మీదికి పారుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పడవ ఇంజన్లు. తాజా డీజిల్ పొగలోనూ సన్న కణాల గుంపే ఉంటుంది. అదే నిమిషంలో మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పెరిగితే అది పొగే. ఆ నిమిషాల్ని తీసేయండి. గాలి ఊరివైపు నుంచి వీచిన గంటల్నీ తీసేశాకే, మిగిలినదాన్ని ఎండ, ఓజోన్‌లతో పోల్చండి.